విజయవాడ, గుంటూరు న్యాయవాద కార్యాలయాలకు ప్రత్యేకీకరణ మార్గదర్శి

గవర్నరుపేటలో గాని, గుంటూరు అరండల్‌పేటలో గాని ఓ మోస్తరు ప్రాక్టీసు ఉన్న న్యాయవాది ఆఫీసు బీరువా తెరిస్తే భాగపంపకం దావా పక్కన చెక్కు బౌన్స్ కేసు, దాని పక్కన మనోవర్తి పిటిషన్, ఆ కింద మోటారు ప్రమాద పరిహారం ఫైలు కనిపిస్తాయి. వచ్చిన కక్షిదారును వదులుకోకూడదన్న అలవాటు తరాలుగా ఉన్నదే. అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు కాని, దానికి కట్టే మూల్యం మాత్రం ఎవరి లెక్కల పుస్తకంలోనూ కనిపించదు.

ఆ మూల్యం ఎక్కడ పడుతుందో గడువులను చూస్తే తెలుస్తుంది. సాధారణ సివిల్ దావాలో సమన్లు అందిన 30 రోజుల్లో ప్రతివాద పత్రం దాఖలు చేయాలి, దాన్ని 90 రోజుల దాకా పొడిగించవచ్చు, ఆ పైన కూడా గట్టి కారణం చూపితే కోర్టు మన్నించిన సందర్భాలున్నాయి. అదే తగాదా వాణిజ్య వివాదంగా నమోదైతే 120 రోజులు దాటాక ఆ హక్కే పోతుంది. వినియోగదారుల కమిషన్‌లో 30 రోజులకు మరో 15 రోజులు కలుస్తాయే తప్ప ఆ మీద ఒక్క రోజు కూడా దొరకదు. బాకీ కోసం తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం కింద చర్య తీసుకుంటే రుణగ్రహీత 45 రోజుల్లో రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఇన్ని రకాల గడువులను ఒకే సీనియర్, ఇద్దరు జూనియర్లు, ఒక గుమస్తా బుర్రలో పెట్టుకుని తిరగడమే మన ఆఫీసుల్లో అసలైన భారం. ఒకే తరహా ఫైలు ఒకే చేతుల మీదుగా పదే పదే వెళ్లినప్పుడు ఆ భారం తగ్గుతుంది, ఒకసారి చేసిన పరిశోధన పదిసార్లు అక్కరకు వస్తుంది, కొత్తగా చేరిన జూనియర్ కూడా త్వరగా చెయ్యి తిరుగుతాడు. ప్రత్యేకీకరణ, అంటే ఒకటి రెండు రంగాలకే పరిమితం కావడం, వల్ల కలిగే లాభమంతా ఇక్కడే ఉంది. కాబట్టి దాన్ని ఆఫీసు లోపలి ఏర్పాటుగానే చూడాలి, బయటి ప్రచారంగా చూడకూడదు. బయట ప్రచారానికి మన నియమాలు ఒప్పుకోవు కూడా. ఆ సంగతి తగిన చోట వస్తుంది.

మొదటి మెట్టు: మూడేళ్ల ఫైళ్ల లెక్క తీయడం

ఏ రంగంలో స్థిరపడాలో నిర్ణయించే ముందు ఇప్పటికే ఏ రంగంలో ఉన్నామో తెలుసుకోవాలి. చాలామంది సీనియర్లు తమది సివిల్ ప్రాక్టీసు అని నమ్ముతుంటారు; ఫైళ్లు లెక్కపెడితే సగం చెక్కు కేసులో, కుటుంబ తగాదాలో తేలుతాయి.

ఈ-కోర్ట్స్ సేవల్లో న్యాయవాది పేరుతో గాని, బార్ నమోదు సంఖ్యతో గాని వెతికితే జిల్లా కోర్టుల్లోని కేసుల జాబితా వస్తుంది. దాన్ని ఆఫీసు డైరీతో, ఫీజు పుస్తకంతో పోల్చి ఒక పట్టిక తయారు చేయాలి. ప్రతి ఫైలుకూ కేసు రకం, కోర్టు, కోర్టు ప్రతి కేసుకూ ఇచ్చే పదహారు అక్షరాంకెల సీఎన్‌ఆర్ సంఖ్య, దాఖలు తేదీ, ప్రస్తుత దశ, ఒప్పుకున్న ఫీజు, నిజంగా చేతికందిన ఫీజు, కక్షిదారు ఎవరి ద్వారా వచ్చారన్నది అందులో ఉండాలి. ఫీజుకు సంబంధించిన రెండు గడులను గుమస్తాకు వదిలేయకుండా సీనియరే కూర్చుని నింపాలి, ఎందుకంటే ఒప్పుకున్న ఫీజుకూ అందిన ఫీజుకూ మధ్య తేడా ఏ రంగంలో ఎక్కువగా ఉందో అక్కడే బయటపడుతుంది.

దీనితో పాటు ఒక నెల రోజులు ఆఫీసులోని ప్రతి ఒక్కరూ ఏ ఫైలు మీద ఎంతసేపు గడిపారో రాసుకోవాలి. కోర్టు వరండాలో పిలుపు కోసం నిలబడిన సమయాన్నీ, రిజిస్ట్రీ (కోర్టులో కాగితాలు తీసుకునే విభాగం) అభ్యంతరంతో రిటర్న్ అయిన కాగితాలను సరిదిద్ది మళ్లీ దాఖలు చేయడానికి పట్టిన సమయాన్నీ విడిగా రాయాలి. జూనియర్లు మొదట దీన్ని నిఘాగా అనుకుంటారు. సీనియర్ తన గంటలను కూడా అదే పట్టికలో రాస్తే ఆ అనుమానం పోతుంది.

రెండో మెట్టు: రంగాన్ని ఎంచుకోవడం

మనకు ఇష్టమైన చట్టమా, ఊళ్లో దొరికే పనా అన్న ప్రశ్నకు రెండోదే జవాబు కావాలి. ఈ రెండు నగరాల్లో నిత్యం పుట్టే పని ఏమిటో చూద్దాం.

గుంటూరు మిర్చి యార్డు, దాని చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీలు, విజయవాడ వన్‌టౌన్ టోకు దుకాణాలు, ఆటోనగర్ విడిభాగాల వ్యాపారం అప్పు మీద నడిచేవే. కాబట్టి చెక్కు కేసులకు, సొమ్ము దావాలకు ఇక్కడ కొదవ ఉండదు. 2018 సవరణ తర్వాత మూడు లక్షల రూపాయలు, ఆ పైన విలువ గల వాణిజ్య వివాదాలు వాణిజ్య కోర్టు పరిధిలోకి వచ్చాయి. అత్యవసర ఉత్తర్వు అవసరం లేని దావాకు ముందుగా మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. ఇది తెలియక నేరుగా దాఖలు చేసిన దావా ఆదిలోనే తిరస్కరణకు గురవుతుంది.

16వ, 65వ నంబరు జాతీయ రహదారులు విజయవాడలో కలుస్తాయి. మోటారు ప్రమాద పరిహారం పిటిషన్లు ఈ ప్రాంతంలో ఎప్పుడూ ఉంటాయి. రాజధాని ప్రాంతంలో 2015లో మొదలైన భూసమీకరణలో రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు; ప్లాట్లు, అభివృద్ధి ఒప్పందాలు, అపార్ట్‌మెంట్లు, నిషేధిత భూముల జాబితాగా అందరికీ తెలిసిన 22-ఏ చిక్కులు అన్నీ కలిసి భూమి పనికి లోతైన అవకాశం కల్పిస్తున్నాయి. హైకోర్టు 2019 నుంచి అమరావతిలోని నేలపాడులో నడుస్తున్నందున ఉద్యోగ వివాదాల, రెవెన్యూ రిట్ల పని హైదరాబాదు వెళ్లకుండానే చేయవచ్చు. బ్యాంకుల రికవరీ పని రాబడి పరంగా మంచిదే కాని, ట్రిబ్యునల్ విశాఖపట్నంలో ఉంది. ఉదయం రత్నాచల్ ఎక్కినా అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది కనుక ముందు రోజు రాత్రే బయలుదేరాలి. ఒక వాయిదాకు రెండు రోజులు పోతాయని లెక్కలో వేసుకున్నాకే ఆ రంగం గురించి ఆలోచించాలి.

ఈ రంగాలను మూడు ప్రమాణాలతో తూచవచ్చు. ఒకటి, పునరావృతం: పది ఫైళ్లలో ఎన్నింటికి దాదాపు ఒకే తరహా కాగితాలు, ఒకే తరహా వాదనలు సరిపోతాయి. రెండు, దూరం: నెలలో ఎన్ని రోజులు ఊరు దాటాలి. మూడు, చేతికందే సొమ్ము: మొదటి మెట్టులోని పట్టిక చెప్పే నిజం. ఈ మూడింటిలో పునరావృతానికే ఎక్కువ బరువు ఇవ్వాలన్నది నా అభిప్రాయం. ఫీజు తక్కువైనా ఒకే అచ్చులో సాగే పని, ఫీజు ఎక్కువైనా ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెట్టవలసిన పని కంటే చిన్న ఆఫీసును బాగా నిలబెడుతుంది.

ఒకే ఒక రంగానికి కుదించుకోవడం ఈ ఊళ్లలో ఇంకా సాహసమే. ఒక ప్రధాన రంగాన్నీ, దానితో కాగితాలు పంచుకునే ఒక అనుబంధ రంగాన్నీ ఎంచుకోవడం మేలు. చెక్కు కేసులకు వాణిజ్య దావాలు జోడవుతాయి, ఎందుకంటే లెడ్జరు, బిల్లు, ఖాతా స్టేట్‌మెంట్ రెండింటికీ అవే. భూమి హక్కుల పరిశీలనకు నిర్దిష్ట పరిపాలన దావాలు (ఒప్పందాన్ని అమలు చేయించమని కోరేవి), బిల్డర్ల మీద రెరా ఫిర్యాదులు జోడవుతాయి. ప్రమాద పరిహారానికి బీమా క్లెయిముల వినియోగదారుల కేసులు జోడవుతాయి. చెక్కు కేసులతో విడాకుల పనిని కలిపితే మాత్రం రెండింటి మధ్య ఒక్క నమూనా కాగితమైనా ఉమ్మడిగా ఉండదు. అది పాత బీరువాకే కొత్త పేరు.

ఎవరి పక్షాన నిలబడతామన్నది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. ఒక కేసులో ఒక పక్షానికి సలహా ఇచ్చి అదే కేసులో ఎదుటి పక్షానికి హాజరు కాకూడదన్నది బార్ కౌన్సిల్ నియమం. బీమా కంపెనీల, బ్యాంకుల ప్యానెల్ (తమ కేసులు అప్పగించే న్యాయవాదుల జాబితా) షరతులు సాధారణంగా అంతకంటే కఠినంగా ఉండి, వేరే కేసుల్లో కూడా ఆ సంస్థకు ఎదురు నిలబడనివ్వవు. ప్యానెల్‌లో చేరితే ఏ తరహా కక్షిదారులకు తలుపు మూసుకుంటుందో సంతకం పెట్టే ముందే చదువుకోవాలి.

మూడో మెట్టు: ఫైలు ప్రయాణాన్ని ముక్కలుగా విడదీయడం

మార్గదర్శి మొత్తంలో ఎక్కువ శ్రమ కోరేది ఇదే, ఎక్కువ ఫలితమిచ్చేదీ ఇదే. ఎంచుకున్న రంగంలో ఒక ఫైలు గుమ్మం దాటి లోపలికి వచ్చినప్పటి నుంచి తీర్పు నకలు కక్షిదారు చేతికి అందే దాకా జరిగే ప్రతి పనినీ వరుసగా రాసి, ప్రతి పనికి ఎవరు బాధ్యులో, ఏ కాగితం కావాలో, ఎన్ని రోజుల్లో ముగియాలో పక్కనే నమోదు చేయాలి. చెక్కు కేసును ఉదాహరణగా తీసుకుందాం.

మిర్చి కమీషన్ వ్యాపారి ఒకరు, జనవరి 5 తేదీ వేసిన చెక్కు ఫిబ్రవరి 23న నిధులు లేక తిరిగివచ్చిందని బ్యాంకు మెమోతో ఆఫీసుకు వచ్చారనుకుందాం. చెక్కును దాని తేదీ నుంచి మూడు నెలల లోపు బ్యాంకులో వేశారా అన్నది మొదట చూడాలి. తిరిగివచ్చిన సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి కాబట్టి, లీపు సంవత్సరం కాని పక్షంలో మార్చి 25 ఆఖరి రోజు అవుతుంది. నోటీసు మార్చి 4న పంపితే, అది 7న ఎదుటివారికి అందితే, చెల్లింపుకు 15 రోజులు, అంటే మార్చి 22 దాకా సమయం ఉంటుంది. 23న వ్యాజ్య కారణం పుడుతుంది, ఫిర్యాదుకు ఏప్రిల్ 23 దాకా గడువుంటుంది. తగిన కారణముంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు ఉన్నా, దాన్ని నమ్ముకుని పని చేసే ఆఫీసుకు ప్రత్యేకీకరణ అవసరం లేదు. ఆఫీసు క్యాలెండరులో రాసే ఆఖరి తేదీ ఏప్రిల్ 23 కాకూడదు, ఏప్రిల్ 10 కావాలి. రిటర్న్ అయితే సరిదిద్దుకునే వ్యవధి ఆ మధ్యలో ఉంటుంది.

ఈ తేదీలను లెక్కగట్టడం గుమస్తా పని. అందుకు ఎక్సెల్‌లో మూడు తేదీలు నింపితే మిగిలినవి తామే వచ్చే చిన్న పట్టిక చాలు. పట్టికను మొదట తయారు చేసేటప్పుడు మాత్రం సీనియర్ దగ్గరుండి, ఏ రోజును మినహాయించాలో, సెలవు రోజు వస్తే ఏమవుతుందో చూసి సరిచేయాలి.

ఇక కాగితాలు. కక్షిదారు మొదటిసారి వచ్చినప్పుడే అడగవలసినవన్నీ ఒకే పేజీలో అచ్చు వేసి ఉంచాలి. అసలు చెక్కు, బ్యాంకు మెమో, బాకీని చూపే తక్ పట్టీలు (సరుకు అమ్మకపు చీటీలు), బిల్లులు, లెడ్జరు నకలు, కోల్డ్ స్టోరేజీ బాండు ఉంటే అది, ఖాతా స్టేట్‌మెంట్, ఫోనులో నడిచిన వాట్సాప్ సందేశాలు ఆ జాబితాలో ఉండాలి. సందేశాలను సాక్ష్యంగా చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి, అందులో హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకెల ముద్ర) నమోదు చేయాలి. కాబట్టి ఫోను మార్చవద్దని, సందేశాలు చెరిపివేయవద్దని కక్షిదారుకు ఆ రోజే చెప్పాలి. చెక్కు ఇచ్చింది వ్యక్తా, సొంత వ్యాపార సంస్థా, భాగస్వామ్యమా, కంపెనీయా అన్న ప్రశ్నకు జవాబు లేకుండా ఫైలు ముందుకు కదలకూడదు. కంపెనీ చెక్కు విషయంలో కంపెనీని ముద్దాయిగా చేర్చకుండా డైరెక్టర్ల మీద మాత్రమే వేసిన ఫిర్యాదు నిలవదని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పినా, ఆ లోపంతో వీగిపోయే కేసులు ఇప్పటికీ కనిపిస్తాయి. పరిధి విషయం కూడా ఈ పేజీలోనే తేలాలి. 2015 సవరణ ప్రకారం చెక్కు పుచ్చుకున్నవారి ఖాతా ఉన్న శాఖ ఏ ఊళ్లో ఉంటే అక్కడి కోర్టుకు పరిధి ఉంటుంది కనుక, గుంటూరు శాఖలో ఖాతా ఉన్న వ్యాపారి నాగపూరు కొనుగోలుదారు మీద గుంటూరులోనే ఫిర్యాదు చేయవచ్చు.

నోటీసు ముసాయిదా జూనియర్ పని. అందులో చెక్కు మొత్తాన్ని విడిగా, స్పష్టంగా కోరాలి. వడ్డీ, ఖర్చులు అడగదలిస్తే వేరే పేరాలో అడగాలి తప్ప అన్నీ కలిపి ఒకే అంకె వేయకూడదు. ఫిర్యాదు, ప్రమాణపత్రం, మధ్యంతర పరిహారం కోసం నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 143-ఏ సెక్షన్ పిటిషన్ ముసాయిదాలు కూడా జూనియరే రాయాలి. ఆ సెక్షన్ కింద చెక్కు మొత్తంలో 20 శాతం దాకా కోరవచ్చు. సీనియర్ చేతిలో మిగలవలసినవి మూడే: ఫైలు ఒప్పుకోవాలా వద్దా అన్న మొదటి నిర్ణయం, క్రాస్ (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం), తుది వాదన. రాజీ మాటలు నాలుగో పనిగా వచ్చి కలుస్తాయి, ఎందుకంటే లోక్ అదాలత్‌లో ముగిసే చెక్కు కేసులు తక్కువేమీ కావు.

ప్రమాద పరిహారం ఎంచుకున్న ఆఫీసుకు ఇదే పద్ధతిలో లెక్క పట్టిక కావాలి. 32 ఏళ్ల, నెలకు 15,000 రూపాయలు సంపాదించే ఆటో డ్రైవరు మరణించి, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆధారపడి ఉంటే, స్వయం ఉపాధి కాబట్టి భవిష్యత్ సంపాదన కింద 40 శాతం కలిపితే నెలకు 21,000 అవుతుంది. నలుగురు ఆధారితులు కనుక సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేస్తే 15,750, ఏడాదికి 1,89,000. ఆ వయసుకు గుణకం 16 కాబట్టి 30,24,000 రూపాయలు ఆధార నష్టం. అంత్యక్రియలు, ఎస్టేట్ నష్టం, సాహచర్య నష్టం దీనికి అదనం. 2009 నాటి సరళా వర్మ తీర్పు గుణకాలనూ మినహాయింపులనూ, 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పు భవిష్యత్ సంపాదన శాతాలనూ స్థిరపరిచాయి కనుక ఈ లెక్క జూనియర్ చేయగలిగినదే. సీనియర్ సమయం పోవలసింది సంపాదనను రుజువు చేసే సాక్షిని సిద్ధం చేయడం మీద. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఆరు నెలల దరఖాస్తు గడువు చెల్లుబాటు మీద వివాదం నడుస్తున్నా, ఆఫీసు మాత్రం ఆ గడువునే పట్టుకోవాలి.

నాలుగో మెట్టు: నమూనాల పెట్టె

పాత ఫైలులోని ముసాయిదాను తెరిచి పేర్లు మార్చి వాడుకోవడం మనందరి అలవాటు. అలా మార్చినప్పుడు ఎక్కడో ఒక పేరాలో పాత కక్షిదారు పేరో, పాత తేదీయో మిగిలిపోతుంది. క్రాస్‌లో ఎదుటి న్యాయవాది వేలు పెట్టేది అక్కడే. ప్రతి రకం కాగితానికి ఒక శుద్ధమైన నమూనా తయారు చేసి, నింపవలసిన చోట్లను రంగుతో గుర్తించి, నమూనా పైన అది ఎప్పుడు సవరించబడిందో తేదీ వేయాలి. నమూనాను సవరించే అధికారం ఒక్కరికే ఉండాలి.

రిటర్న్‌లకు ఒక విడి పుస్తకం పెట్టాలి. రిజిస్ట్రీ ఏ అభ్యంతరంతో కాగితం వెనక్కి పంపిందో అందులో రాసి, ఒకే అభ్యంతరం రెండోసారి వస్తే ఆ అంశాన్ని దాఖలుకు ముందు చూసుకునే జాబితాలో చేర్చాలి. కోర్టు రుసుము లెక్క, పేజీ సంఖ్యలు, వకాల్తా మీద సంతకం, మెటీరియల్ పేపర్ల జాబితా వంటి చిన్న విషయాలే వారాలను మింగేస్తాయి. ఈ పుస్తకం పెట్టడానికి ఖర్చు ఏమీ లేదు కాబట్టి, ప్రత్యేకీకరణ మొత్తం వద్దనుకున్న ఆఫీసు కూడా ఇది ఒక్కటైనా చేయవచ్చు.

చట్టం మారినప్పుడు పెట్టె మొత్తాన్ని ఒక రోజు కూర్చుని తిరగరాయాలి. 2024 జులై 1న మూడు కొత్త నేర చట్టాలు అమలులోకి వచ్చాక కూడా పాత సెక్షన్ సంఖ్యలతో పిటిషన్లు వేసి రిటర్న్ చేయించుకున్నవారున్నారు. భూమి రంగంలో మార్పులు ఇంకా వేగంగా వస్తాయి: 2023 అక్టోబరు ఆఖరున అమలులోకి వచ్చిన రాష్ట్ర భూ హక్కుల చట్టం 2024లోనే రద్దయింది. ఒకే రంగం ఉన్న ఆఫీసుకు ఇలాంటి మార్పు ఒక ఆదివారం పని. అన్ని రంగాలూ ఉన్న ఆఫీసుకు అది ఏడాది పొడవునా తరుముతూనే ఉంటుంది.

ఐదో మెట్టు: మనుషులు

ప్రత్యేకీకరణలో జూనియర్‌కు ఒక భయం ఉంటుంది: చెక్కు కేసులు తప్ప మరేమీ నేర్చుకోలేకపోతానేమోనని. ఆ భయం న్యాయమైనదే. కనుక మొదటి ఏడాది జూనియర్‌ను అన్ని దశల్లోనూ తిప్పాలి, రెండో ఏడాది నుంచి ఒక దశకు పూర్తి బాధ్యత ఇవ్వాలి, ప్రధాన రంగానికి బయట ఒకటి రెండు ఫైళ్లను సొంతంగా నడుపుకోనివ్వాలి. క్రాస్ చేసే అవకాశం ఎప్పటికీ రాదని తెలిస్తే తెలివైన జూనియర్ ఎవరూ నిలవరు.

భత్యం సంగతి కూడా తేల్చాలి. నగరాల్లో జూనియర్లకు నెలకు కనీసం 20,000 రూపాయలు, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని భారత బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో సూచించింది. అది సూచనే తప్ప శాసనం కాదు; చాలా ఆఫీసులు దాని దరిదాపుల్లో కూడా లేవన్నది అందరికీ తెలిసిన విషయమే. కాని నమూనాలు, తేదీల పట్టిక, రిటర్న్‌ల పుస్తకం అన్నీ నేర్చుకున్న జూనియర్ వెళ్లిపోతే ఆ జ్ఞానమంతా ఆయన వెంట పోతుంది. ఆదా అయిన సమయం వల్ల పెరిగే రాబడిలో మొదటి వాటా భత్యానికి కేటాయించడం దానం కాదు.

గుమస్తా గారి స్థానం మరింత సున్నితమైనది. కోర్టు ఆఫీసులో ఏ సెక్షన్‌లో ఏ కాగితం ఎక్కడ ఆగుతుందో, నకలు దరఖాస్తు ఎప్పుడు పెడితే త్వరగా వస్తుందో ఆయనకు తెలిసినట్లు మరెవరికీ తెలియదు. ఆయనకు తెలిసినదంతా కాగితం మీద పెట్టించే ప్రయత్నం ఆయన ఉద్యోగానికి ఎసరుగా కనిపించకుండా, ఆయన చేతనే జూనియర్లకు నేర్పించే పద్ధతిలో సాగాలి. న్యాయవాది కానివారితో ఫీజు పంచుకోవడం నియమాల ప్రకారం నిషిద్ధం కాబట్టి గుమస్తాకు జీతం, బోనస్ ఇవ్వవచ్చు గాని ఫైలుకు ఇంత శాతమన్న ఏర్పాటు కూడదు. ప్రమాదాల కేసులు తెచ్చే దళారులకు ఇచ్చే వాటాలకూ ఇదే వర్తిస్తుంది; ఆ రంగం ఎంచుకునేవారు మొదటి రోజే ఈ గీత గీసుకోకపోతే తర్వాత గీయలేరు.

ఆరో మెట్టు: వాయిదాల ఏర్పాటు

ఒక రంగానికి పరిమితమైతే వెళ్లవలసిన కోర్టు హాళ్ల సంఖ్య తగ్గుతుంది. విజయవాడ న్యాయస్థానాలకు 2022 ఆగస్టులో ప్రారంభమైన కొత్త సముదాయం ఉన్నా, అదే రోజు మచిలీపట్నం జిల్లా కోర్టులోనూ, నేలపాడులోనూ వాయిదాలుంటే ఆ సౌకర్యం ఎందుకూ కొరగాదు. హైకోర్టు పని ఉన్న ఆఫీసు ఒక న్యాయవాదిని పూర్తిగా అక్కడికే కేటాయించాలి; వీలు కాకపోతే ఆ పనిని వేరే సహచరునికి అప్పగించాలి. ముందు రోజు సాయంత్రం కాజ్ లిస్టు (మర్నాడు విచారణకు వచ్చే కేసుల జాబితా) చూసి, ఎవరు ఏ హాలులో ఉండాలో ఒకే పేజీలో రాసి అందరి ఫోన్లకు పంపే బాధ్యత ఒక్కరిదే కావాలి.

ఏడో మెట్టు: పాత ఫైళ్లు, పాత కక్షిదారులు

ఎంచుకున్న రంగానికి బయట ఉన్న నడుస్తున్న ఫైళ్లను ఒక్కసారిగా వదిలించుకోవడం తగదు. ఒప్పుకున్న కేసు నుంచి తగిన కారణం, సరైన వ్యవధి గల నోటీసు లేకుండా తప్పుకోకూడదని నియమం ఉంది. తప్పుకుంటే పని చేయని మేరకు ఫీజు తిరిగి ఇవ్వాలి. సాక్ష్యం దశ దాటిన ఫైళ్లను మనమే ముగించాలి, మొదటి దశలో ఉన్నవాటిని కక్షిదారు ఇష్టపడితేనే మరొకరికి అప్పగించాలి, కొత్తవాటిని తేదీ నిర్ణయించుకుని ఆ రోజు నుంచి ఒప్పుకోవడం మానాలి. అప్పగించేటప్పుడు అభ్యంతరం లేదన్న సంతకం ఇవ్వడంలో జాప్యం చేయకూడదు. ఫీజు బాకీ ఉందని కాగితాలు పట్టి ఉంచే హక్కు న్యాయవాదికి లేదని సుప్రీంకోర్టు 2000లోనే స్పష్టం చేసింది.

మన ఊళ్లలో అసలు చిక్కు చట్టం దగ్గర రాదు, మొహమాటం దగ్గర వస్తుంది. ఇరవై ఏళ్లుగా పొలం తగాదాలు నడిపించుకున్న కుటుంబం కూతురి కాపురం తగాదాతో వచ్చినప్పుడు “మేం ఆ పని చేయడం లేదండీ” అంటే ముఖం చిన్నబుచ్చుకుంటారు. అప్పుడు చెప్పవలసిన మాట ఇలా ఉండవచ్చు: “బాబాయ్ గారూ, అమ్మాయి కేసు రోజూ ఫ్యామిలీ కోర్టులో ఉండే వకీలు చేతిలో ఉంటేనే త్వరగా తేలుతుంది. నేనే మాట్లాడి పెడతాను, మొదటిసారి నేనూ వచ్చి కూర్చుంటాను.” ఆ మాట ప్రకారం మొదటిసారి వెళ్లి కూర్చోవాలి కూడా. ఇలా పంపడానికి ఒక్కో రంగంలో ఇద్దరు నమ్మకస్తులైన సహచరులను ముందే చూసుకోవాలి. వారి వైపు నుంచి మన రంగం ఫైళ్లు మనకు రావడం ఆ తర్వాత దానంతటదే జరుగుతుంది.

ఎనిమిదో మెట్టు: ఫీజు

పని దశలుగా విడిపోయింది కనుక ఫీజు కూడా దశల వారీగా విడిపోవాలి. నోటీసుకు ఇంత, ఫిర్యాదు నంబరు అయ్యేదాకా ఇంత, విచారణకు ఇంత, అప్పీలుకు విడిగా ఇంత అని రాతపూర్వకంగా చెప్పాలి. వచ్చే పరిహారంలో వాటా, గెలిస్తేనే ఫీజు వంటి ఒప్పందాలు నియమాలకు విరుద్ధం. ప్రమాదాల కేసుల్లో ఇది వాడుకగా మారినంత మాత్రాన సక్రమం కాదు. పని వేగంగా ముగుస్తున్నందుకు ఫీజు తగ్గించవలసిన అవసరం లేదు. అయితే నెలకు ఐదారు ఫైళ్లు ఇచ్చే వ్యాపారికి నోటీసు దశలో తగ్గించి, విచారణ దశలో తగ్గించకుండా ఉండటం మంచి ఏర్పాటు.

తొమ్మిదో మెట్టు: నలుగురికీ తెలియడం

బార్ కౌన్సిల్ నియమాల్లో 36వది న్యాయవాది ప్రకటనలు ఇవ్వకూడదని, పని కోసం అర్థించకూడదని చెబుతుంది. బోర్డు మీద గాని, లెటర్‌హెడ్ మీద గాని ఫలానా తరహా పనిలో ప్రత్యేకత ఉందని రాయడం కూడా అందులో నిషిద్ధమే. కాబట్టి ‘చెక్ బౌన్స్ కేసుల స్పెషలిస్టు’ అని గుమ్మానికి బోర్డు తగిలించడం ఇంత శ్రమనూ చిక్కుల్లో పడేస్తుంది. 2008 సవరణ వెబ్‌సైటును అనుమతించింది. అందులో పేరు, చిరునామా, నమోదు వివరాలు, అర్హతలతో పాటు ప్రాక్టీసు చేసే రంగాలను పేర్కొనవచ్చు. అంతకు మించి విజయగాథలు, కక్షిదారుల ప్రశంసలు, రేటింగులు పెట్టకూడదు. న్యాయవాదులను ఆన్‌లైన్ వేదికల మీద సరుకులా చూపడాన్ని 2024 జులైలో మద్రాసు హైకోర్టు తీవ్రంగా తప్పుపట్టింది.

మిగిలిన దారి బార్ అసోసియేషన్‌లో ఆ చట్టం మీద మాట్లాడటం, జూనియర్లకు తరగతులు చెప్పడం, ఆ రంగంలో వచ్చిన తీర్పుల మీద వ్యాసాలు రాయడం. ఇవి నెమ్మదిగా పనిచేస్తాయి గాని, ఫైళ్లు పంపేది సహచరులే కాబట్టి వారికి తెలిస్తే చాలు.

పదో మెట్టు: ఆర్నెల్లకు ఒకసారి కొలత

మొదటి మెట్టులో తీసిన లెక్కను ఆరు నెలలకు ఒకసారి మళ్లీ తీయాలి. చూడవలసినవి ఇవి: కక్షిదారు వచ్చిన రోజు నుంచి దాఖలుకు ఎన్ని రోజులు పట్టింది, వందలో ఎన్ని రిటర్న్ అయ్యాయి, మన కారణంగా ఎన్ని వాయిదాలు పడ్డాయి, ఒప్పుకున్న ఫీజులో ఎంత చేతికందింది, సీనియర్ గంటల్లో ముసాయిదాలకు ఎంత పోయింది. కేసు ముగియడానికి పట్టే కాలాన్ని మాత్రం కొలతగా పెట్టుకోకూడదు. అది కోర్టు రద్దీ మీద, ఎదుటి పక్షం మీద ఆధారపడి ఉంటుంది, ఆఫీసు సామర్థ్యాన్ని చూపదు.

మొదటి ఆరు నెలల్లో రాబడి కొంత తగ్గడం సహజం, ఎందుకంటే వదిలిన పని వెంటనే పోతుంది, రావలసిన పని నిదానంగా వస్తుంది. అందుకు సరిపడా నెలల జీతాలు, అద్దె విడిగా పెట్టుకున్నాకే కొత్త ఫైళ్లు ఆపే తేదీని ప్రకటించాలి. ఏడాది గడిచాక కూడా దాఖలుకు పట్టే రోజులు తగ్గకపోతే లోపం సాధారణంగా మూడో మెట్టులో ఉంటుంది: పనులను కాగితం మీద విడదీసి, చేతల్లో అన్నీ సీనియర్ బల్ల మీదకే వస్తున్నాయేమో చూడాలి. రెండో ప్రధాన రంగాన్ని చేపట్టే ఆలోచన, మొదటి రంగం ఫైలును సీనియర్ ఊళ్లో లేని వారంలో కూడా జూనియర్లు దాఖలు దాకా నడిపించగలిగినప్పుడు చేయాలి.